వంద టన్నుల డంపర్: ఏళ్ల తరబడి నడిపాక నా రివ్యూ

గోదావరిఖని వైపు ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) బొగ్గు గనుల్లో మొదట 35 టన్నుల డంపర్, తర్వాత 60, చివరికి 100 టన్నులది నడిపాను. పెద్ద బండి వస్తే ఖర్చు తగ్గుతుందా అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. తగ్గుతుంది. కానీ బండి ఒక్కటే పెద్దదైతే తగ్గదు.

35 టన్నుల బళ్లు మూడు మోసేంత ఓబీని (బొగ్గు మీదున్న మట్టి, రాయి) వంద టన్నులది దాదాపు ఒక్క ట్రిప్పులో మోస్తుంది. ముగ్గురు ఆపరేటర్ల పని ఒక్కరితో అయిపోతుంది, రోడ్డు మీద రద్దీ తగ్గుతుంది. ఏసీ పనిచేస్తే మే నెల ఎండ కూడా తెలియదు.

తేడా వచ్చేది షావెల్ (తవ్వి బండిలోకి ఎత్తిపోసే మెషిన్) దగ్గర. 10 క్యూబిక్ మీటర్ల బకెట్ ఉన్న షావెల్ అయితే ఆరు బకెట్లకు అటూ ఇటుగా బండి నిండుతుంది. అది బ్రేక్‌డౌన్ అయి చిన్న ఎక్స్‌కవేటర్ కింద పెట్టారా, పదిహేను, ఇరవై బకెట్లు పోయాలి. అంతసేపూ బండి డీజిల్ తాగుతూ నిలబడాల్సిందే. రిజిస్టర్‌లో మాత్రం 'వర్కింగ్' అనే రాస్తారు!

టైర్లు ఆరు, సైజు 27.00-49. బ్లాస్టింగ్ సరిగా కాక పదునైన రాళ్లు రోడ్డు మీద పడితే కోతలు పడతాయి. గ్రేడర్ (రోడ్డు చదును చేసే మెషిన్) నడపడంలో పొదుపు చేసిన చోట ఆ డబ్బంతా టైర్లకే పోవడం చూశాను. రోడ్డు సంగతి ఇంకోటి. రెండు వైపులా బళ్లు తిరగాలంటే పెద్ద బండి వెడల్పుకు మూడింతలు, ఆపైన 5 మీటర్లు ఉండాలి. రోడ్డు వెడల్పయ్యేకొద్దీ గని గోడను ఇంకా వెనక్కి కోయాలి, అంటే అదనంగా ఓబీ తీయాలి. బండి కొనేటప్పుడు వేసే లెక్కలో ఈ ఖర్చు కనిపించదు.

ఇక ఆగిపోతే టెన్షనే. చిన్న బండి షెడ్డుకెళ్తే షిఫ్టు టార్గెట్ కాస్త తగ్గుతుందంతే. ఇది స్పేర్ల కోసం వారాల తరబడి పడి ఉంటే ఆ లోటు పూడదు.

ఓబీ ఎక్కువ, బెంచీలు (గనిలో మెట్లలా కోసే అంచెలు) వెడల్పు, గనికి ఇంకా చాలా ఏళ్ల ఆయుష్షు ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. బొగ్గు పొరలు సన్నగా, మధ్యమధ్యలో రాయితో ఉన్నచోట మాత్రం వద్దు. ఈ బండికి తగ్గ పెద్ద షావెల్ పెడితే రాయి బొగ్గులో కలిసి గ్రేడ్ పడిపోతుంది, ధరా పోతుంది. అక్కడ నా ఓటు 60 టన్నులకే. ఆర్డర్ పెట్టేముందు వర్క్‌షాప్ షెడ్డు ఎత్తు కూడా కొలిపించండి. లోపల బాడీ పైకి లేపితే కప్పు తగిలేట్టుంటే చాలా రిపేర్లు ఎండలో, వానలో చేసుకోవాల్సి వస్తుంది.