పదేళ్లు వాడాక మా ఇన్వర్టర్ గురించి

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మా విశాఖ మీద పడిన రోజు. పొద్దున పోయిన కరెంటు మా వీధికి తొమ్మిదో రోజు సాయంత్రం వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ మా అమ్మ విసనకర్ర విసురుకుంటూ, "ఆ ఇన్వర్టరేదో కొనరా అంటే విన్నావు కాదు" అని పూటకోసారి గుర్తుచేసింది. పడలేక 2015 మార్చిలో కొన్నాను.

కొన్నాక తీరిగ్గా లెక్క వేస్తే తెలిసింది, తుపాను నాటికే ఉండి ఉన్నా అది మొదటి రాత్రి తెల్లారేలోపే చేతులెత్తేసేదని. తొమ్మిది రోజుల చీకటికి ఇన్వర్టర్ మందు కాదు. తుపాను భయంతో కొన్న వస్తువు, ఈ పదేళ్లలో మాకు పనికొచ్చిందంతా వేసవిలో అరగంట, గంట పోయే కరెంటుకీ, ఈదురుగాలి వస్తే చాలు తీసేసే కరెంటుకీ. ఆ పనికి మాత్రం వంక పెట్టలేను. ఇప్పుడు మా ఇంట్లో కరెంటు పోయిన సంగతి ఎవరికీ తెలీదు. ఫ్రిజ్ తలుపు తీసి, లోపల లైటు వెలగకపోతే "పోయిందండోయ్" అని మా ఆవిడ ప్రకటిస్తుంది.

కొన్నది 900 వీఏ సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. వీఏ అంటే ఎంత లోడు మోస్తుందో, ఏహెచ్ అంటే ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే అంకె. ట్యూబులర్ అంటే నీళ్లు పోసే రకం బ్యాటరీ. సైన్ వేవ్ అంటే మామూలు ఇంటి కరెంటులాంటి నున్నటి కరెంటు. ముతక కరెంటు ఇచ్చే స్క్వేర్ వేవ్‌ది ఇంకాస్త చవగ్గా వచ్చేది. కానీ మా మేనమామ ఇంట్లో అది ఉంది. కరెంటు పోగానే వాళ్ల ఫ్యాను తుమ్మెదలా జుయ్యిమని మొదలుపెడుతుంది. ఆ మోత కింద ఒక రాత్రి పడుకున్నవాడెవడూ స్క్వేర్ వేవ్ కొనడు.

పెట్టె పదేళ్లుగా అదే. మధ్యలో ఒకసారి బల్లి లోపలికి దూరి బోర్డు మీద ప్రాణం వదిలింది, దాంతోపాటు బోర్డు కూడా. ఆ మరమ్మతు తప్ప దానికి ఖర్చు లేదు. ఖర్చంతా బ్యాటరీది, బుద్ధి వచ్చిందీ బ్యాటరీ వల్లే.

మొదటి బ్యాటరీ నాలుగేళ్ల రెండు నెలలకి పోయింది. దాన్ని చంపింది నేనే. బిగించిన కుర్రాడు "మూడు నెలలకోసారి నీళ్లు చూసుకోండి సార్" అని చెప్పే వెళ్లాడు. మొదటి ఏడాది శ్రద్ధగా చూశాను. తరువాత అది సోఫా వెనక్కి వెళ్లింది, సోఫా మీదికి బట్టల మూటలు చేరాయి. గుర్తొచ్చి చూసేసరికి ఆరు గుంటల్లోనూ నీటిమట్టం చూపే ఫ్లోట్లు అడుగున, ఎర్రగా. లోపల పలకలు గాలికి తేలిపోతే వాటిమీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తరువాత ఎన్ని నీళ్లు పోసినా పూర్తిగా కోలుకోదు. చాలనట్టు మా బావమరిది సలహా ఒకటి: "ఏసీ నీళ్లు పొయ్యి బావా, ఆవిరి చల్లబడి దిగినవే కదా, అదీ డిస్టిల్డ్ వాటరే." వినడానికి సైన్సులాగే ఉంది. ఆ నీళ్లు దిగేది దుమ్మూ నాచూ పట్టిన కాయిల్ మీదుగా అని నాకు తట్టలేదు. బకెట్టు పట్టి మరీ పోశాను. మూడు గంటలకి పైగా రావాల్సింది గంటన్నరకి, చివరికి ఇరవై నిమిషాలకి దిగింది.

డిస్టిల్డ్ వాటర్ అయిదు లీటర్ల డబ్బా సినిమా హాల్లో పాప్‌కార్న్ కంటే చవక. ఇందులో పిసినారితనం ఎందుకు చేశానో ఇప్పటికీ అర్థం కాదు. ఇంకొకటి, బ్యాటరీలో తగ్గేది నీళ్లే, యాసిడ్ కాదు. చార్జింగ్‌లో నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి ఎగిరిపోతాయి. కాబట్టి పైన పోయాల్సింది నీళ్లు మాత్రమే. ఎవరైనా "కొంచెం యాసిడ్ కలుపుదాం సార్" అంటే కాఫీ ఇచ్చి పంపించేయండి. ఆ హైడ్రోజన్ కారణంగానే దాన్ని బీరువాలోనో, తలుపు వేసిన గూటిలోనో పెట్టకూడదు. గాలి ఆడాలి. దేవుడి మందిరం పక్కన, దీపం వెలిగే చోట అసలే వద్దు.

అలాగని గొంతుదాకా పోయకండి. రెండో బ్యాటరీ కొత్తలో, పాత పాపానికి ప్రాయశ్చిత్తంగా, గీత దాటేదాకా పోశాను. చార్జింగ్‌లో యాసిడ్ కలిసిన నీళ్లు పొంగి కింద పాలరాయి మీద పడ్డాయి. పడ్డచోట నురగ వచ్చి మెరుపు పోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, దాని మీద ఒక కాళ్లపట్టా ఉంది. తుడిచిన లుంగీకి ఉతికాక జల్లెడలా చిల్లులు తేలాయి. ఒలికితే వంటసోడా నీళ్లు చల్లి తుడవాలని తరువాత తెలిసింది.

వారంటీ మాట కూడా చెప్పాలి. నా కార్డు మీద 36+24 అని ఉంది. అయిదేళ్లు కదా అని ధీమాగా వెళ్లాను. మొదటి 36 నెలల్లో పోతేనే కొత్తది ఉచితం, మిగతా 24 నెలల్లో తగ్గింపు మాత్రమేనట. ఆ తగ్గింపు కూడా ఎమ్మార్పీ మీద. మామూలుగా కొనేవాడికి ఎటూ ఎమ్మార్పీ కంటే తగ్గించే అమ్ముతున్నారు. పైగా వారంటీలో వెళితే పాత బ్యాటరీ వాళ్లకి ఇచ్చెయ్యాలి. కాగితం మీద కూడి, తీసి చూస్తే, వారంటీ వదిలేసి పాతది ఎక్స్ఛేంజ్‌లో సీసం బరువుకి వేసి కొత్తది కొనుక్కోవడమే నాకు లాభంగా తేలింది. అందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే, ప్లస్ గుర్తుకి ఎడమవైపు అంకె మాత్రమే చూడమంటాను.

2019 మేలో వచ్చిన రెండో బ్యాటరీకి ఆరేళ్లు నిండాయి. సముద్రపు గాలికి టెర్మినళ్లకి చిలుము తొందరగా పడుతుంది. ఆరు నెలలకోసారి ఇన్వర్టర్ ఆపి, ముందు నెగెటివ్ వైరు, తరువాత పాజిటివ్ విప్పి, వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి వాజలీన్ రాస్తాను. పావుగంట పని. నీళ్ల తేదీ మాత్రం పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే రాస్తాం. ఫోన్లో రిమైండర్ పెడితే తోసేస్తాను, క్యాలెండర్ ముందు మా ఆవిడ నిలబడుతుంది.

ఇక అసలు సంగతి. "ఎంతసేపు వస్తుంది?" అని ఎవరడిగినా బ్యాటరీ సైజు చెబుతాం. నేనూ అంతే, 150 పోయాక 200 ఏహెచ్ కొందామనుకున్నాను. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. 12 వోల్టులు, 150 ఏహెచ్, గుణిస్తే 1800 వాట్ అవర్లు, అంటే వంద వాట్ల వస్తువుని పద్దెనిమిది గంటలు నడిపే కరెంటు. ఆ 150 అనేది ఇరవై గంటలపాటు నెమ్మదిగా వాడినప్పటి లెక్క, డబ్బా మీద సీ20 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మూడు నాలుగు గంటల్లో లాగేస్తే అంత రాదు. ఇన్వర్టర్ తన వాటా తను తింటుంది. నాకు చేతికొచ్చేది 1200 అనుకోండి. మా ఇంట్లో మూడు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. అయిదు ఎల్‌ఈడీ బల్బులు, తొమ్మిది చొప్పున. టీవీ 80, వైఫై 10. మొత్తం 360. అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇందులో 225 ఫ్యాన్లదే!

బ్యాటరీ అంతే ఉంచి ఫ్యాన్లు మార్చాను. బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే తక్కువ కరెంటు తాగే మోటారువి, ఫుల్‌లో 30 వాట్లు. మూడింటికీ కలిపి 90. ఇప్పుడు మొత్తం 225, అయిదు గంటల పైమాటే. రాత్రి టీవీ, లైట్లు ఆపేస్తే వంద వాట్లు, తెల్లారేదాకా సరిపోతుంది. పైగా కరెంటు ఉన్నప్పుడు కూడా బిల్లు తగ్గుతుంది కదా. పెద్ద బ్యాటరీ ఆ పని చెయ్యదు. ఇన్వర్టర్ కొనబోయేవాళ్లకి నేనిచ్చే సలహా ఇదొక్కటే, ముందు పైకి చూడండి.

అయితే ఆ ఫ్యాన్లకి పాత రెగ్యులేటర్ పనికిరాదు, తీసేయించాలి. అంతా రిమోటే. మా హాల్లో రెండూ ఒకే కంపెనీవి కావడంతో ఒక రిమోట్ నొక్కితే రెండూ వింటాయి. అమ్మకి చలి, నాకు ఉక్క. ఆవిడ ఒకటికి తగ్గిస్తే నాదీ ఒకటికి వస్తుంది. నేను అయిదు నొక్కితే ఆవిడ శాలువా ఎగురుతుంది. కొన్నాళ్లు యుద్ధం నడిచాక, మూడు దగ్గర సంధి కుదిరింది.

చిన్నవి రెండు. పెట్టె వెనక యూపీఎస్ అని ఒక బుల్లి స్విచ్ ఉంటుంది. అది నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడల్లా డెస్క్‌టాప్ ఆగి మళ్లీ మొదలవుతుంది. మూడేళ్లు నేను కంప్యూటర్‌నే తిట్టాను. ఇంకోటి, వైరింగ్ చేసినాయన పొరపాటున వంటింటి ప్లగ్గు కూడా ఇన్వర్టర్ లైనుకి కలిపాడు. కరెంటు లేదన్న సంగతి తెలియక మా ఆవిడ 750 వాట్ల మిక్సీలో కొబ్బరి చట్నీ వేసింది. పెట్టె కీచుమని అరిచి ఇల్లంతా చీకటి చేసింది. ఆ చట్నీ రోట్లో పూర్తయింది. రుచి అదిరిందని అన్నందుకు వారం రోజులు నా మీద రుసరుసలు.

ఈ మధ్య ఎదురింటాయన కేంద్రప్రభుత్వ సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించారు, 78 వేలు సబ్సిడీ. "ఇంకా ఆ నీళ్లడబ్బా ఏంటండీ" అని నవ్వారు కూడా. మొదటిసారి మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఆయనింట్లోనూ పోయింది. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే గ్రిడ్ సోలార్ అంతే, లైను చచ్చిపోగానే అదీ ఆగిపోవాలి. లేకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి మన కప్పు మీది కరెంటు తగులుతుంది. బిల్లుకి అది, చీకటికి ఇది. ఆయన ఫోనూ చార్జరూ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రం నేనేమీ అనలేదు. సోఫా జరిపి ప్లగ్గు చూపించాను.

బ్యాటరీ ఇప్పుడు కొత్తలోలా లేదు, అయిదు గంటలది మూడున్నరకి వచ్చింది. ఈసారి నీళ్ల పని లేని లిథియం తీసుకుందామా అని ఆలోచన. పాత పెట్టె చార్జింగ్ దానికి కుదరదు, రెండూ మార్చాలి, ధర గట్టిగానే ఉంది. మా బావమరిదిని అడిగితే ఏదో సలహా ఉందన్నాడు. అడగడం మానేశాను.