సెల్ఫ్ డైరెక్టెడ్ సపోర్ట్: తోటివాళ్ళ బృందంలో మూడేళ్ళు కూర్చున్నాక

సెల్ఫ్ డైరెక్టెడ్ సపోర్ట్ అంటే మనకందే సాయం ఎలా ఉండాలో మనమే నిర్ణయించుకోవడం. స్కాట్లండ్‌లో దీని చట్టం 2013లో వచ్చింది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సోషల్ కేర్ (వయసు, జబ్బు, వైకల్యం వల్ల రోజువారీ పనుల్లో అందే సాయం) పొందేవాళ్ళకి నాలుగు దారులు: దానికి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇచ్చే డబ్బు మనమే తీసుకుని ఖర్చుపెట్టుకోవడం, డబ్బు కౌన్సిల్ దగ్గరో సంస్థ దగ్గరో ఉంచి ఎవరు రావాలో ఎప్పుడు రావాలో మనం చెప్పడం, అంతా కౌన్సిల్‌కే వదిలెయ్యడం, వీటిని కలుపుకోవడం. మొదటి దారి పట్టి పీఏని (పర్సనల్ అసిస్టెంట్, అంటే ఇంటికొచ్చి సాయం చేసే మనిషిని) పెట్టుకుంటే ఆ రోజునుంచే మనం యజమానులం. ఆ పని ఒంటపట్టేది ఇప్పటికే చేస్తున్నవాళ్ళ పక్కన కూర్చుంటేనే. అందుకే సాయం పొందేవాళ్ళూ వాళ్ళ సంరక్షకులూ నెలకోసారి కలిసే ఈ తోటివాళ్ళ బృందాలకి వెళ్ళమనే చెబుతాను.

అన్నిటికంటే విలువైనది అక్కడి లెక్క. వారానికి 15 గంటలు మంజూరైతే ఏడాదికి 780 గంటలు. పీఏకి జీతంతో 5.6 వారాల సెలవు ఇచ్చి తీరాలి, అంటే 84 గంటలు. ఆ రోజుల్లో ఇంకొకరు రావాలి, వాళ్ళకీ జీతం ఇవ్వాలి. మొత్తం 864. వచ్చినవాళ్ళకీ సెలవు హక్కు ఉంటుంది గనక ఇంకో పది. బడ్జెట్ 780కే కడితే, ఏప్రిల్‌లో మొదలైన డబ్బు ఫిబ్రవరి మూడో వారానికి అయిపోతుంది. దీనికితోడు యజమాని బీమా, పే స్లిప్పులు; 22 ఏళ్ళు నిండి ఏడాదికి 10,000 పౌండ్లు దాటి సంపాదించే పీఏ అయితే పెన్షన్‌కి కనీసం 3 శాతం. కౌన్సిల్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఈ లెక్క రాసిన కాగితం వాళ్ళ ముందుంచాలి. తరవాత అడగడం చాలా కష్టం.

రెండోది అసెస్‌మెంట్‌లో, అంటే మనకి ఏ సాయం ఎంత కావాలో కౌన్సిల్ అంచనా వేసే కాగితంలో, రాసే మాట. ‘వంటకి సాయం కావాలి’ అని రాస్తే రెడీమేడ్ భోజనం వేడిచేసిచ్చే పావుగంట ఇచ్చి సరిపెట్టవచ్చు. ‘ఎడమ చేతికి పట్టు లేదు, కుక్కర్ మూత తియ్యలేరు, పప్పూ అన్నం వేడిగా తన చేత్తో కలుపుకు తినాలని కోరిక’ అని రాస్తే మనిషి కనిపిస్తాడు, ఎంతసేపు పడుతుందో కూడా తెలుస్తుంది. బృందంలో నలుగురు ఆ వాక్యాన్ని ముందేసుకుని ‘మూత ఎవరు తీస్తున్నారు? వాళ్ళు లేని రోజు?’ అని అడుగుతుంటే అది బాగుపడుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. స్కాట్లండ్‌లో 32 కౌన్సిళ్ళు, డబ్బు దేనికి వాడొచ్చో ఎంత మిగుల్చుకోవచ్చో చెప్పే పద్ధతులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. పక్క కౌన్సిల్ మనిషి చెప్పిన జవాబు నమ్మి ఖర్చుపెడితే తిరిగి కట్టాల్సి రావచ్చు. ముందు ‘మీది ఏ కౌన్సిల్?’ అని అడగండి, జవాబు మీ సోషల్ వర్కర్ దగ్గర రాతలో తీసుకోండి. మన తెలుగు కుటుంబాలు కోడలినో చెల్లెలినో పీఏగా పెట్టేద్దామనుకుంటాయి. నిబంధనల్లో చెప్పిన పరిస్థితులుండి కౌన్సిల్ ఒప్పుకుంటేనే అది కుదురుతుంది.

బృందం వాట్సాప్ గ్రూపులో కేర్ ప్లాన్ (మీకు ఏ సాయం ఎలా అందాలో రాసిన కాగితం) ఫొటో పెట్టకండి, అందులో ఇంటి చిరునామా నుంచి మందుల దాకా అన్నీ ఉంటాయి. ఇంకొకటి, నా దృష్టిలో పెద్దది: సంరక్షకులే మాట్లాడేస్తుంటే సాయం పొందే మనిషి మూలన మిగిలిపోతారు. మొదటి అరగంట వాళ్ళకే వదిలిన బృందాల్లో ప్రశ్నలే మారిపోతాయి. ‘ఎన్ని గంటలు వస్తాయి’ బదులు ‘ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కాక పదింటికి లేవనిస్తారా’ అని వినిపిస్తుంది.