ఇంట్లో కట్టుకున్న రేసింగ్ కాటమరాన్, పైకి లేచే చుక్కానులు: చాలాకాలం వాడాక నా మాట

మాది కాటమరాన్, అంటే పక్కపక్కన రెండు సన్నటి పొట్టలు (హల్స్) ఉన్న తెరచాప బోటు. ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, ఫార్ములా 16 అనే రేసింగ్ క్లాసు కొలతలు, ప్లైవుడ్ మీద గ్లాసు గుడ్డ, ఎపాక్సీ... ఈ బోట్ల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఇవన్నీ తెలిసినవే, మళ్ళీ చెప్పను. తెరచాప కొన్నది, దాని గురించీ పెద్దగా చెప్పేదేం లేదు. నాకు రాయాలని ఉన్నది చుక్కానుల గురించి. గాజువాక ఆటోనగర్‌లో మా మావయ్య షెడ్డులో నేనూ మా బావా కూర్చుని చేసినవి, అడుగున నేల తగిలితే వాటంతటవే పైకి లేచే రకం. ఈ బోటు మొత్తంలో నాకు ప్రాణం ఏదంటే అవే.

ఎందుకంటే మేం బోటు దింపేది రుషికొండ ఇసకలోంచి. ర్యాంపు లేదు, జెట్టీ లేదు, ఇసక మీంచి నెట్టుకుంటూ వెళ్ళాలి, ఇసక మీదకే తిరిగి రావాలి. మన వైజాగ్ తీరం ఎలా ఉంటుందో తెలిసిందే కదా, ఒడ్డు ఏటవాలుగా దిగిపోతుంది, కెరటం దూరంగా విరిగి నురగలా రావడం తక్కువ, ఒడ్డు దాకా వచ్చి ఒక్కసారే విరుచుకుపడుద్ది. బోటు లోపలికి వచ్చేటప్పుడు వెనక నుంచి ఆ కెరటం ఎత్తి తోస్తుంటే మన చేతిలో ఉండేది చుక్కాని ఒక్కటే, అది ఆఖరి క్షణం దాకా నీళ్ళలో ఉండాలి, లేకపోతే బోటు అడ్డంగా తిరిగి బోల్తా పడుద్ది. అదే చుక్కాని ఇంకో రెండు సెకన్లలో ఇసకలో గుచ్చుకుంటుంది. అప్పుడు లేవకపోతే వందకి పైగా కిలోల బోటు, ఇద్దరు మనుషులు, వెనక కెరటం, ఈ బరువంతా బోటు వెనక చెక్క మీద పడుద్ది. ఊడొస్తుంది, అనుమానమే లేదు.

జోడుగుళ్ళపాలెంలో ఒక తాత ఉన్నాడు, కొయ్యతెప్పల కాలం నుంచీ వేటకెళ్ళినవాడు, మా బోటు మొదటిసారి చూసినప్పుడు హల్ వైపు, స్తంభం వైపు చూడనే లేదు, నేరుగా వెనక్కెళ్ళి చుక్కాని పట్టుకుని ఊపి చూశాడు. "ఒడ్డుకొచ్చినప్పుడు ఇది లెగుతాదా బాబూ?" అన్నాడు. లెగుతాది తాతా అంటే, "మరైతే పర్లేదు, మాకు తెడ్డే సుక్కాని, ఎప్పుడు కావాలంటే అప్పుడు పైకి లాగేసుకునేవోళ్ళం" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో బోటు మొత్తాన్ని తూచేశాడు ఆయన.

మా ఏర్పాటు చెప్తాను. చుక్కాని రెక్క రెండు పలకల మధ్య ఒక ఇరుసు మీద తిరుగుతుంది, పైకి లేపడానికి ఎలాస్టిక్ తాడు, కిందకి దించి పట్టి ఉంచడానికి ఒక సన్నటి డైనీమా తాడు (సాగని, గట్టి రకం). ఆ డైనీమా తాడు చివర ఉచ్చు వేసి టిల్లర్‌కి (చుక్కానిని తిప్పే చేతికర్రకి) అడ్డంగా రెండు కన్నాల్లో దూర్చిన ఒక వెదురు పుల్లకి తగిలిస్తాం, అంతే. నేల తగిలితే పుల్ల విరుగుద్ది, తాడు వదులవుద్ది, ఎలాస్టిక్ లాగేస్తే రెక్క టపీమని పైకి. మొదట ప్లాస్టిక్ పిన్నులు వాడాం, అవి ఎండలో ఒకలా నీళ్ళలో ఒకలా ఉండేవి, కొన్ని విరక్కుండా వంగి కన్నంలో ఇరుక్కునేవి. వెదురు అలా కాదు, వంగదు, విరిగితే విరుగుద్ది. ఎంత లావు పుల్ల కావాలన్నది మాత్రం మనం చూసుకోవాలి, మరీ లావైతే విరగదు, మరీ సన్నమైతే గట్టి గాలిలో చుక్కాని మీద ఒత్తిడికే విరిగిపోద్ది. రెక్క కొంచెం వెనక్కి లేచినా చేతికి వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే చుక్కాని పక్కలకి తిరిగే పిన్నుల గీత నుంచి రెక్క వెనక్కి జరిగేసరికి టిల్లర్ ఒక్కసారి బరువెక్కిపోద్ది. రెక్కని పూర్తిగా దించి, కొసని కాస్త ముందుకి వంపు పెట్టుకుంటే మాత్రం రెండు వేళ్ళతో తిప్పొచ్చు, అంత తేలిక. మొదటిసారి అలా సర్దుకుని బీచ్ రోడ్డు వెంట దూసుకెళ్ళిన సాయంత్రం బావ చేతికి టిల్లర్ ఇస్తే మళ్ళీ నాకివ్వలేదు.

ఇక అసలు సంగతి. మా ఊళ్ళో సెయిలింగ్ చేసేవాళ్ళం కొద్దిమందిమే, రకరకాల బోట్లు, కొన్ని లేజర్లు (ఒక్కరు నడిపే చిన్న బోట్లు), ఒక పాత హోబీ 16 (అదీ కాటమరానే), మాది. ఏ రకం బోటుకి తగ్గట్టు దానికి టైము లెక్కలు సరిచేసుకుని మాలో మేం రేసులు పెట్టుకుంటాం. ఆ రోజు రుషికొండ నుంచి మంగమారిపేట ఎదురుగా నీళ్ళలో గుర్తుగా వేసిన తేలే బుడగ చుట్టి వెనక్కి రావాలి. ఎండాకాలం, మధ్యాహ్నం దాటాక దక్షిణం గాలి బాగా అందుకుంది. వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి, స్పిన్నేకర్ (వెనక గాలికి వాడే పెద్ద తెరచాప) ఎత్తుకుని వెళ్ళిపోయాం, హాయిగా. బుడగ దగ్గర మేమే ముందు. తిరిగి వచ్చేటప్పుడు గాలికి ఎదురు, తెరచాప బోటు నేరుగా పోలేదు, అంటే వంకర్లు కొట్టుకుంటూ రావాలి, సముద్రం వైపు ఒక వంకర, ఒడ్డు వెంబడి ఇంకో వంకర.

మొదటి వంకర సముద్రం వైపు. గాలి కుడి పక్క నుంచి, కుడి హల్ గాల్లో, బావ ట్రాపీజ్ వైరు (స్తంభం నుంచి వేలాడే తీగ) మీద బయటికి వాలి ఉన్నాడు, మొత్తం బరువు ఎడమ హల్ మీద, ఎడమ చుక్కాని మీద. కాటమరాన్ కి రెండు చుక్కానులున్నా ఒక హల్ లేచినప్పుడు పనిచేసేది ఒక్కటే కదా. టక్ మని శబ్దం వచ్చింది. చేతిలో టిల్లర్ తేలిపోయింది. బోటు తనంతట తాను గాలి వైపు గిర్రున తిరిగింది, నేను మెయిన్ షీట్ (పెద్ద తెరచాపని బిగించే తాడు) వదిలేశాను, గాల్లో ఉన్న హల్ దబ్బున నీళ్ళలో పడింది, బావ వైరుతో సహా ఊగి స్తంభం పక్కకి వచ్చి పడ్డాడు. దెబ్బేం తగల్లేదు, బావ అరుపుకి నాకు మాత్రం గుండె ఆగినంత పనైంది. వెనక్కి చూస్తే ఎడమ చుక్కాని కింది బిగింపు ఊడి, పై పిన్ను మీద ఒక్కదాని మీద వేలాడుతూ హల్ ని కొడుతోంది.

దాన్ని విప్పి పైకి లాగి ట్రాంపొలీన్ కి (రెండు హల్స్ మధ్య బిగించిన వల లాంటి గుడ్డకి) కట్టేశాం. మరి ఇంటికెలా? ఇక్కడే నాకు రెండు చుక్కానుల విలువ తెలిసొచ్చింది. పోయింది ఎడమది. అంటే గాలి ఎడమ నుంచి వచ్చేలా పెట్టుకుంటే కింద ఉండే హల్ కుడిది, దాని చుక్కాని బాగానే ఉంది, మామూలుగా నడిపేయొచ్చు, హల్ ఎగరేసినా ఫర్వాలేదు. గాలి కుడి నుంచి వస్తే మాత్రం కుడి హల్ ని లేవనివ్వకూడదు, అది లేస్తే నీళ్ళలో చుక్కానే ఉండదు. ఆ వంకర్లో బావ వైరు మీంచి లోపలికి వచ్చి మధ్యలో కూర్చునేవాడు, మెయిన్ ట్రావెలర్ (పెద్ద తెరచాప అడుగుని పక్కకి జరిపే బిగింపు) బాగా కిందకి వదిలి, డౌన్‌హాల్ (తెరచాప ముందంచుని కిందకి లాగే తాడు) బిగించి తెరచాపని బల్లపరుపు చేసి, రెండు హల్స్ నీళ్ళలో ఉంచి మెల్లగా పోయేవాళ్ళం. మా అదృష్టం, ఒడ్డు వెంబడి పోయే పొడుగు వంకర మంచిది, సముద్రం వైపు పోయే పొట్టి వంకర కష్టమైంది. అదే కుడి చుక్కాని పోయుంటే లెక్క తిరగబడేది, చీకటి పడేదేమో కూడా.

వంకర మార్చేటప్పుడే నరకం. ఇవి తేలిక బోట్లు, గాలికి ఎదురుగా ముక్కు తిప్పగానే ఊపు పోతుంది, ఒక్క చుక్కానితో సగంలో ఆగిపోతాం. జిబ్ ని (ముందుండే చిన్న తెరచాపని) వదలకుండా ఉల్టా పట్టుకుంటే గాలి దానికి కొట్టి ముక్కుని అటు నెట్టేది, బోటు వెనక్కి జారడం మొదలుపెట్టగానే టిల్లర్ ని వ్యతిరేకంగా తిప్పాలి. తొట్లకొండ కింద రాళ్ళు దగ్గరవుతుంటే ఆ పని చేస్తున్నప్పుడు ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. రేసు పూర్తిచేశాం, మా వెనక ఒక్క లేజర్ ఉందంతే.

అసలు నాకు కన్నీళ్ళొచ్చింది ఒడ్డుకొచ్చేటప్పుడు. ఒక్క చుక్కాని, అది పోతే ఇంకేం లేదు, కెరటాలు బాగా పెద్దవవుతున్నాయి. బయటే కాసేపు ఆగి పెద్ద కెరటాల గుంపు వెళ్ళిపోయే దాకా చూసి, ఆ వెనక వచ్చిన చిన్నదాని వీపు మీద ఎక్కి వచ్చేశాం. ఇసక తగిలింది, పుల్ల ఫట్ మంది, రెక్క లేచి నిలబడింది, బోటు నేరుగా ఇసక మీదకి జారి ఆగింది. విరిగిన ఆ రెండు వెదురు ముక్కలు టిల్లర్ కన్నాల్లో అలాగే ఉన్నాయి. బావ దిగి చుక్కానికి దణ్ణం పెట్టాడు, నేనూ పెట్టాను.

ఇక ఊడినదాని సంగతి. విరిగింది రెక్కా కాదు, మేం చేసిన పలకలూ కాదు, బిగింపు బోల్టులు. 316 స్టెయిన్‌లెస్ అని చెప్పి, ఆ ధరే తీసుకుని ఒక షాపువాళ్ళు ఇచ్చినవి. బయట తల తళతళా మెరుస్తోంది, చెక్క లోపల ఉన్న భాగం గోధుమ రంగుకి తిరిగి, గుంటలు గుంటలు పడి, మెడ దగ్గర సగం సన్నబడి ఉంది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకుండా కాపాడేది దాని మీద ఏర్పడే సన్నటి పొర, ఆ పొర నిలవడానికి ఆక్సిజన్ కావాలి. బోల్టు కన్నంలో నిలిచిన ఉప్పు నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతుంది, కొత్తది రాదు, ఇక లోపల్లోపలే తినేస్తుంది. 316 లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, అది కాస్త గట్టిగా తట్టుకుంటుంది, మామూలు రకం 304 లో అది ఉండదు. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండిటికీ తేడా తెలీదు, చాలామంది అలాగే మోసపోతున్నారు. మావయ్యకి తెలిసిన ఫ్యాబ్రికేషన్ ఆయన దగ్గర పరీక్ష మందు ఉంది, చుక్క వేసి చిన్న బ్యాటరీ ఆనిస్తే మాలిబ్డినం ఉన్నదానికి రంగు మారుద్ది. మా బోల్టులకి మారలేదు. ఈ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మెట్ల రెయిలింగ్ కి వేసే సరుకుని మనుషులు సముద్రంలోకి వేసుకెళ్ళే బోటుకి ఇవ్వడం ఏంటి?

ఇప్పుడు వేసినవి పరీక్షించి తీసుకున్నవే. కన్నాలు పెద్దవి చేసి, ఎపాక్సీ ముద్దతో నింపి, ఆరాక మళ్ళీ మధ్యలో కన్నం వేశాం, అలాగైతే నీళ్ళు ప్లైవుడ్ దాకా పోవు. లోపల వెనక గట్టి పలక. (మన ఊరి తేమకి ఎపాక్సీ ఆరాక పైన జిడ్డు పొర వస్తుంది, తర్వాతి పూత ముందు నీళ్ళతో స్క్రబ్బర్ వేసి కడగండి, తడిగుడ్డతో తుడిస్తే సరిపోదు.) ఏటా వానలు మొదలవకముందు బోల్టులు విప్పి చూస్తాం, ఎంత మెరుస్తున్నా సరే.

మొదటి ఏడాది అడిగినవాళ్ళందరికీ ఈ లేచే చుక్కానుల్ని మించింది లేదని చెప్పాను. మాట మీదే ఉన్నా, కాకపోతే కొన్ని కలపాలి. వెదురు పుల్ల రోజంతా నీళ్ళలో నానితే మెత్తబడుద్ది, ఏ రోజు పుల్ల ఆ రోజు కొత్తది వేయాలి. పలకల మధ్య ఇసక చేరితే రెక్క బిర్రెక్కి సగంలో ఆగుద్ది, ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలి. ఇరుసు కన్నం అరిగి వదులైపోయింది, వేగం పెరిగితే సన్నగా రొద చేస్తుంది, బుష్ (ఇరుసు చుట్టూ ఉండే గొట్టం ముక్క) మార్చాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. వలలున్న చోట రెక్కకి తాడు తగిలి రేసు మధ్యలో పుల్ల విరిగిన సందర్భాలున్నాయి, ఒకసారి దానివల్లే హోబీ వెనక పడ్డాం. బరువు కూడా, మామూలు చుక్కానుల కంటే ఎక్కువే, అదీ బోటు వెనక చివర, కెరటాల్లో ముక్కు ఎగిరిపడటం పెరుగుద్ది. ఫార్ములా 16 క్లాసులో కనీస బరువు 107 కిలోలైతే మాది దాదాపు 130, ఇక్కడ దొరికే మెరైన్ ప్లై బరువే అందులో సగం కారణమనుకోండి, తేలికైన ఒకూమే ప్లై తెప్పించుకునే డబ్బు మాకప్పుడు లేదు.

కాబట్టి మీకు సరిపోద్దా అంటే మీరెక్కడ దింపుతారన్నదాని మీద ఉంటుంది. హుస్సేన్ సాగర్ లాంటి చెరువులో, ర్యాంపు మీంచి దింపేవాళ్ళైతే బాక్సులోంచి నిలువునా జారే తేలికపాటి చుక్కానులే మేలు, ఈ బాధంతా అక్కర్లేదు. నాకు లేత్ మిషను ఉన్న మావయ్య ఉన్నాడు, ప్రతి ఆదివారం వచ్చే బావ ఉన్నాడు, బజార్లో ఇదంతా చేయించుకోవాలంటే ఖర్చు ఎంతవుతుందో నేను లెక్కేయలేదు. మన తీరంలో ఇసక మీంచే దింపాలి, రేసులూ కావాలి అనుకునేవాళ్ళైతే మాత్రం ఇంకో రకం వైపు చూడకండి. రుషికొండకి వస్తే అట్టముక్క మీద గీసుకున్న కొలతలు ఇస్తాను, పుల్లలు కూడా ఇస్తాను, బోల్టులు మాత్రం మీరే పరీక్ష చేయించుకుని కొనుక్కోండి.