సింగపూర్‌లో నాలుగు డాలర్ల ముల్లంగి అట్టు

ముందు తిట్టాల్సింది తిట్టేసి తర్వాత అసలు విషయానికి వస్తాను. సింగపూర్‌లో దిగిన మొదటి రాత్రి మా టూర్ ఏజెంటు "మన తిండే సార్, బాగుంటుంది" అని పంపిన ఇండియన్ హోటల్లో నలుగురికి అయిన బిల్లు 115 డాలర్ల 10 సెంట్లు. సింగపూర్ డాలరు అప్పటి 65 రూపాయల లెక్కన ఏడున్నర వేలు. మూడు థాలీలు ఒక్కోటి 22, బిర్యానీ 20, సరే, మెనూ చూసే ఆర్డరిచ్చాం కాబట్టి ఒప్పుకుంటాను. కానీ కూర్చోగానే అడక్కుండా తెచ్చిపెట్టిన అప్పడాలకు 4, మంచినీళ్లకు గ్లాసుకు ఒకటి చొప్పున 4, ప్లేటు పక్కన మర్యాదగా పెట్టిన తడి టిష్యూలకు ఒక్కోదానికి 50 సెంట్లు! వీటన్నిటి మీద 10 శాతం సర్వీస్ చార్జీ, ఆ మొత్తం మీద మళ్లీ 9 శాతం జీఎస్టీ. మెనూలో ధర పక్కన చిన్నగా రెండు ప్లస్ గుర్తులుంటే దానర్థం ఇదేనట. సాంబారు చల్లారిపోయిందంటే వడ్డించినతను వినపడనట్టు వెళ్లిపోయాడు. మా ఆవిడ తన టిష్యూ విప్పకుండా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది, డబ్బులిచ్చాం కదా అని.

తర్వాతి రెండు రోజులు సెంటోసా దీవి, గార్డెన్స్ బై ది బే తోటలు. బాగున్నాయి. అందరూ రాసేవే కాబట్టి వదిలేస్తున్నా.

ఆ మర్నాడు పొద్దున సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని మారియమ్మన్ గుడికి వెళ్లాం. 1827 నాటి గుడి, ఊళ్లోని హిందూ గుళ్లలో అదే పాతది. దర్శనం అయ్యేసరికి పదకొండున్నర, మావాడికి ఆకలి, పద్నాలుగేళ్లవాడి ఆకలంటే తెలుసుగా. మళ్లీ థాలీ అంటే నేను రానన్నాను. నాలుగడుగులు వేస్తే స్మిత్ స్ట్రీట్‌లో చైనాటౌన్ కాంప్లెక్స్. కింద మార్కెట్, రెండో అంతస్తులో హాకర్ సెంటర్, అంటే చిన్న చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకేచోట, 200కి పైగా స్టాళ్లు, ఊరు మొత్తంలో ఇదే పెద్దది. మాల్స్‌లో ఉండే ఏసీ ఫుడ్ కోర్టు వేరు, ఇది వేరు. ఇక్కడ ఫ్యాన్లే, చెమటలు పడతాయి, ధర మాత్రం అక్కడికంటే బాగా తక్కువ. ఒకప్పుడు రోడ్ల మీద బండ్లు పెట్టుకున్నవాళ్లని ప్రభుత్వం 1970, 80లలో ఇలాంటి కప్పుల కిందికి చేర్చింది. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. మా అత్తగారికి ఇదంతా చెబితే "ముందు కూర్చునే చోటు చూడు బాబూ" అన్నారు.

చోటు ఆవిడే చూశారు. ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడి ఉంటే, ఎవరో మర్చిపోయారు పాపం అని తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. రెండు నిమిషాల్లో ట్రే పట్టుకుని ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు, టిష్యూ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. అక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే సీటు మనదైపోయినట్టే, మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు. దాన్ని చోప్ చేయడం అంటారని తర్వాత తెలిసింది. సారీ చెప్పి లేచాం. అప్పుడు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆ 50 సెంట్ల టిష్యూ తీసి పక్క బల్ల మీద పెట్టింది. దానికి పెట్టిన డబ్బు అక్కడ గిట్టుబాటైంది.

ఇప్పుడు అసలు స్టాల్. బోర్డు మీద క్యారెట్ కేక్ అని ఉంది, మావాడు స్వీటనుకుని ఎగబడ్డాడు. అందులో క్యారెట్టూ లేదు, కేకూ లేదు. ముల్లంగి తురుము, బియ్యప్పిండి కలిపి ఆవిరి మీద ఉడికించిన దిమ్మ అది. అక్కడి చైనీయుల భాషలో ముల్లంగి పేరూ క్యారెట్ పేరూ దగ్గరగా ఉండటంతో ఇంగ్లిష్‌లోకి అలా వచ్చేసింది. వెడల్పాటి నల్లటి పెనం ముందు అరవై దాటిన అంకుల్. దిమ్మని పెనం మీద పడేసి రెండు చేతుల్లో రెండు అట్లకాడలతో టకటకా ముక్కలు చేస్తాడు, అంచులు ఎర్రబడేదాకా కదపడు, ఎంత మంది నిలబడ్డా కదపడు. తర్వాత ఉప్పులో ఊరేసిన ముల్లంగి, వెల్లుల్లి, చేపల సాస్, పైన రెండు గుడ్లు. గుడ్డు సగం బిగిశాక తిరగేసి నాలుగు ముక్కలు చేసి ప్లేటులోకి తోస్తాడు. డబ్బులు తీసుకునేది భార్య. వెనక వాళ్లబ్బాయి కాబోలు, గుడ్లు కొడుతూనే ఉన్నాడు. అక్కడ పెద్దవాళ్లని అందరూ అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, మనకి హాయి.

"బ్లాకా? వైటా?" అంది ఆంటీ. నేను బిక్కమొహం వేస్తే పక్కాయన ప్లేటు వేలితో చూపించింది. నల్లదానిలో తియ్యటి సాస్ పోస్తారు, తెల్లదానిలో పోయరు. నల్లదొకటి, తెల్లదొకటి తీసుకున్నాం, ఒక్కోటి 4 డాలర్లు. నా దగ్గర 50 నోటు ఉంది. ఆంటీ మొహం మాడ్చింది కానీ చిల్లర ఇచ్చింది. మన కార్డులు చాలా స్టాళ్లలో నడవవు, చిన్న నోట్లు తప్పకుండా పెట్టుకోండి. నా ఓటు తెల్లదానికే. అంచు కరకర, లోపల మెత్తగా, ఆ ఊరేసిన ముల్లంగి పంటికింద పడ్డప్పుడల్లా ఉప్పగా చురుక్కుమంటుంది. నల్లది మావాడు ఒక్కడే ఊడ్చేశాడు. పంది కొవ్వు తినని వాళ్లు ముందే అడగండి, చాలా చోట్ల దానితోనే వేయిస్తారు.

మా అత్తగారు శాకాహారి. బౌద్ధుల శాకాహార స్టాల్ ఒకటి వెతికి మూడున్నర డాలర్లకి వేయించిన సేమియా తెచ్చాను. పైన గోధుమ, సోయాతో చేసిన "మాంసం" ముక్కలు. వంద శాతం శాకాహారం అని నేనూ మావాడూ ఎంత చెప్పినా ఆవిడ ఆ ఎర్రటి ముక్కలని చాప్‌స్టిక్‌తో ఒక్కొక్కటే అంచుకి నెట్టి, "కాకపోతే అలా ఎందుకు చేశారు మరి?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ముక్కలు నేనే తిన్నాను. కోపీ, అంటే అక్కడి కాఫీ, మాత్రం ఆవిడకి నచ్చింది. గుడ్డ సంచిలో వడకట్టి డబ్బా పాలు పోస్తారు, కప్పు డాలరు 40 సెంట్లు. "డికాషన్ కాస్త మాడింది గానీ మనదే" అని ఇంకోటి అడిగారు.

చికెన్ రైస్ నాలుగున్నర, లక్సా అనే కొబ్బరిపాల నూడుల్స్ పులుసు 5, రెండు చెరుకురసాలు 4, కోపీలు రెండు, ఆ అట్లూ సేమియా కూడా మొత్తం కలిపి 27 డాలర్ల 80 సెంట్లు. పద్దెనిమిది వందల రూపాయలు! చికెన్ రైస్ అంత గొప్పేం కాదు, మనకి చప్పగా ఉంటుంది, ఆ మిరపకాయ సాస్ వల్ల లాగించాం. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి అది రూలు, మొదట హెచ్చరిక, మళ్లీ దొరికితే 300 డాలర్లు. హలాల్ ప్లేట్లకి వేరే అర ఉంటుంది, మావాడు తప్పుదాంట్లో పెట్టబోతే శుభ్రం చేసే ముసలాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

వెళ్లిపోయే రోజు మధ్యాహ్నం రెండున్నరకి మళ్లీ వెళ్లాం, ఆ తెల్ల అట్టు కోసమే. షట్టర్ దించేసి అంకుల్ పెనం తోముతున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి చేతులు ఖాళీగా తిప్పి చూపించి నవ్వాడు. అయిపోయిందట. వెళితే పన్నెండు లోపు వెళ్లండి. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లేదాకా మావాడు నాతో మాట్లాడలేదు, పొద్దున షాపింగ్ వద్దన్నా వినలేదు కదా నాన్నా అని ఒక్క మాట తప్ప.