మోంజాలో ఎడమ టైర్లకి గాలి తగ్గించాక

ఒంగోలు కర్నూలు రోడ్డులో నాకు వీల్ అలైన్‌మెంట్ షాపుంది. 16 ఏళ్లుగా గాలీ, క్యాంబరూ (చక్రం నిలువుగా ఎంత ఒరిగిందో), టో (చక్రాల ముందువైపు లోపలికో బయటికో ఎంత తిరిగిందో), ఇదే నా పని. మొన్న మా మేనల్లుడు వీడియో గేములకి వాడే లాజిటెక్ జీ29 స్టీరింగ్ తెచ్చి మా ఇంట్లో బల్లకి బిగించాడు. "మావా, నువ్వు షాపులో చేసే పనంతా ఈ ఆటలో ఉంది, వచ్చి చూడు" అన్నాడు. కార్ల రేసు ఆట, పేరు అసెట్టో కోర్సా కాంపెటిజియోనే. ఇటలీలోని కూనోస్ సిములాజియోని వాళ్లు చేసింది, 2019లో విడుదలైంది. మూడు నెలలు ఆడాను. రేసుల సంగతి పక్కనబెట్టి, గాలీ, చక్రాల కోణాలూ మార్చుకునే కారు సెటప్ పేజీ గురించి మాత్రం రాస్తా.

ముందు గాలి. హైవే మీంచి నేరుగా షాపుకొచ్చిన బండికి గేజి పెడితే రెండు మూడు పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) ఎక్కువే చూపిస్తుంది. టైరు చల్లారిందాకా ఆగమంటాం. ఆటలోనూ ఆ సూత్రమే నడుస్తుంది. పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కారు సరిచేసుకునే చోట, గాలి పెట్టేది చల్లటి టైరుకి, చూసుకోవాల్సింది మాత్రం కాగిన టైరుని. రెండు మూడు ల్యాపులు (ట్రాక్ చుట్లు) తిరిగాక అది 26కీ 27కీ పీఎస్ఐ మధ్య నిలబడాలి.

ఇటలీలోని మోంజా రేసు ట్రాక్ 5.793 కిలోమీటర్లు, తిరిగేది సవ్యదిశలో. కుర్వా గ్రాండే, రెండు లెస్మోలు, పరబోలికా, పెద్ద మలుపులన్నీ కుడివైపే. బరువు ఎడమ టైర్ల మీద పడుతుంది, అవే ఎక్కువ కాగుతాయి. నేను షాపు అలవాటుకొద్దీ నాలిగింటికీ సమానంగా పెట్టి మెర్సిడెస్ జీటీ3 రేసు కారు తోలాను. ఐదు ల్యాపులయ్యేసరికి ముందు ఎడమది 27.4, ముందు కుడిది 26.6. పిట్‌కొచ్చి ఎడమవైపు 0.6 తగ్గించి మళ్లీ వెళ్లా. లెస్మో రెండో మలుపులో అంతకుముందు కారు ముక్కు బయటికి జారేది, ఈసారి గీత గీసినట్టు లోపలికి తిరిగింది. నా చేతికి తెలిసింది ఆ తేడా. అప్పుడే ఈ ఆట మీద గురి కుదిరింది.

మర్నాడు మావాడు వాతావరణం 22 డిగ్రీల నుంచి 30కి మార్చాడు. అదే సెటప్, నాలుగు టైర్లూ 27 దాటినై. మే నెలలో మా ఊళ్లో బండ్లకి ఏమవుతుందో అచ్చం అదే.

క్యాంబర్ విషయంలో మాత్రం నా బుర్ర మార్చుకోవాల్సి వచ్చింది. రోడ్డు బండికి 3 డిగ్రీల నెగెటివ్ (చక్రం పైభాగం లోపలికి ఒరగడం) ఉంటే టైరు లోపలి అంచు అరిగి తీగలు తేలతాయి. ఇక్కడ అంత ఉండాల్సిందే. అంత ఉంటేగానీ, మలుపులో కారు ఒరిగినప్పుడు బయటివైపు టైరు నేలకి నిండుగా ఆనదు. ముందు చక్రాల టో కొంచెం బయటికి పెడితే మలుపులోకి చురుగ్గా దిగుతుంది. డ్యాంపర్ల (కుదుపు ఆపే షాకుల) జోలికి నేను పోలేదు, ఆట ఇచ్చిన లెక్కలు బాగానే ఉన్నాయి.

వెనక రెక్క తగ్గిస్తే మోంజా స్ట్రెయిట్‌లో వేగం వస్తుంది, నిజమే. పరబోలికాలో దానికి బదులు తీర్చుకుంటుంది, వెనక భాగం తేలికైపోయి. నాకు కుదిరింది పూర్తిగా తగ్గించినదానికన్నా ఒక క్లిక్కు పైన.

ఆన్‌లైన్‌లో ఒకచోట డబ్బులు కట్టి రెడీమేడ్ సెటప్ కూడా కొన్నాం. అది చెయ్యి తిరిగినవాళ్లకి చేసింది, బ్రేకు మీద కాలు తీస్తే చాలు వెనక తిరిగిపోతుంది. ఆ డబ్బు దండగ. ఆటలోనే ఉన్న అగ్రెసివ్ సెటప్ ఎత్తుకోండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి, ఐదు ల్యాపులు తోలండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో మీకే తెలీదు.

కొత్తవాళ్లకి ఈ పేజీ బరువే. దాంట్లో పేర్లన్నీ ఇంగ్లీషువే, పక్కన తెలిసినవాళ్లు ఉంటే మంచిది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఇందులో లేకపోవడం నాకు నిజంగా బాధ. మనకి దగ్గరిది, అది తోలాలని ఆశ.

షాపులో పనిచేసే కుర్రాళ్లకి కూడా దీన్ని చూపిస్తున్నా. టో ఎందుకు పెడతామో నోటితో ఎంత చెప్పినా ఎక్కనిది, స్టీరింగ్ పట్టుకున్నాక పది నిమిషాల్లో ఎక్కింది.

ఇప్పుడు బెల్జియంలోని స్పా ట్రాక్ మీద కూర్చున్నాం. 7.004 కిలోమీటర్లు. ఓ రూజ్ అనే మలుపు అడుగున కారు నేలకి తాకుతోంది, ముందు ఎత్తు 2 మిల్లీమీటర్లు పెంచి చూడాలి.