చెన్నై-కువైట్ ఎంత దూరం, ఎంత సేపు? ఈ డిస్టెన్స్ యాప్ సగం నమ్మొచ్చు

మా కడపలో కువైట్‌కు పోయొచ్చే మనిషి లేని వీధి ఉండదు, ఎవరు బయల్దేరినా ఎంత సేపు పడతాది, ఎన్నింటికి దిగుతాడు అని ఇంట్లో ఒకటే గోల, అందుకే ఈ యాప్ వేసుకున్నా. రెండు ఎయిర్‌పోర్ట్‌ల పేర్లు కొడితే దూరం, ఫ్లైట్ టైము చూపిస్తాది. పేరెందుకులే, ఫ్రీవి ఇట్లాంటివి బోలెడుండాయి.

దూరానికైతే వంక పెట్టేదానికి లేదు. చెన్నై-కువైట్ దగ్గర దగ్గర 3,780 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచైతే 3,370 దాకా, కరెక్టే. మ్యాప్‌లో గీత వంకరగా ఉండాదని మా బావ "చుట్టు తిరిగి పోతాదేందిరా" అన్నాడు. భూమి గుండ్రం కదా బావా, అదే దగ్గరి దారి, మ్యాప్‌లో చదును చేసేసరికి వంగినట్టు కనపడతాది. కిందనే మైళ్లు, నాటికల్ మైళ్లు కూడా వేస్తాడు, నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, మనకు దాంతో పనే లేదు.

తంటా అంతా టైముతోనే. చెన్నై-కువైట్ 4 గంటల 43 నిమిషాలంటాది, ఇదెట్లబ్బా అని చూస్తే దూరాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగించి పడేసినాడు, అంతే. రన్‌వే దాకా మెల్లగా పోయేది, పైకెక్కేది, దిగేది, దిగే ముందు క్యూలో తిరిగేది ఏదీ లెక్కలో లేదు. పైగా పోయేదానికీ వచ్చేదానికీ ఒకటే టైము. పైన గాలి పడమర నుంచి తూర్పుకు కొడతాది, చలికాలం ఇంకా జోరు, అందుకే పోయేటప్పుడు ఐదు గంటలు దాటితే వచ్చేటప్పుడు అంతకంటే ముందే దిగుతాది.

కడప-చెన్నై కొడితే ఇంకా తమాషా, 226 కిలోమీటర్లు, 17 నిమిషాలంట! ఇట్లాంటి చిన్న రూట్లలో తిరిగే ఏటీఆర్ రెక్కల ముందు ఫ్యాన్లుండే విమానం సామీ, స్పీడు 500 దాటేదే కష్టం. ఆ పూట ఫ్లైట్ లేకుంటే కారే గతి, రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా ఐదారు గంటలు, ఎయిర్‌పోర్ట్‌లో మూడు గంటల ముందే ఉండాల. అంటే విమానంలో కూర్చునే దానికంటే విమానం దాకా పోయేదే ఎక్కువ.

మెచ్చుకోవాల్సింది ఒకటుంది, టైమ్ జోన్ తేడా, యాడ్స్ అన్నీ దాటుకోని కిందికి పోతే కనపడతాది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఈడ రాత్రి 10కి లేస్తే ఐదు గంటలు ఎగిరినా ఆడ గడియారంలో పన్నెండున్నరే. అదే ఆడ రాత్రి 10కి లేస్తే నాలుగున్నర గంటల్లో వచ్చేసినా ఈడ తెల్లారి 5, తేదీ కూడా మారిపోతాది, కారు తీసుకోని ఎదురుపోయేవాళ్లు బాగా తికమకపడేది ఈ తేదీతోనే.

దూరానికి 5 స్టార్లు, టైముకు 2. కారు మాట్లాడుకునే ముందు మాత్రం టికెట్ మీద అరైవల్ టైము చూడండి, దాంట్లో ఉండేది ఆ ఊరి టైమే, మళ్లీ రెండున్నర గంటలు కలిపేది తీసేసేది చేయొద్దు.