ఆటోక్యాడ్‌తో ఆరేళ్లు: గీయడం వారంలో వచ్చింది, చదవడానికే ఏడాది పట్టింది

కంప్యూటర్‌లో కొలతలతో డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. నా చేతికి వచ్చి ఆరేళ్లు దాటింది. మొదటి ఏడాదంతా నేను చేసిన తప్పు ఒక్కటే: తెర అడుగున ఉండే కమాండ్ లైన్ వైపు చూడకపోవడం. ఏం అడుగుతోందో, ఏం కావాలంటోందో అక్కడ రాసే ఉంటుంది. నా చూపు మాత్రం ఎప్పుడూ కర్సర్ మీదే.

దీనికి పడ్డ మొదటి దెబ్బ సర్కిల్ దగ్గర. బోల్టు రంధ్రాలున్న ఒక ప్లేటు గీస్తున్నాను. రంధ్రం 12 మిల్లీమీటర్లు. సర్కిల్ కమాండ్ కోసం సి కొట్టి, కేంద్రం చూపించి, 12 అని టైప్ చేశాను. కమాండ్ లైన్ అడిగింది వ్యాసార్థం, నేను ఇచ్చింది వ్యాసం. రంధ్రాలన్నీ 24 అయి కూర్చున్నాయి. కేంద్రం చూపించాక డి కొట్టి ఉంటే 12 అని హాయిగా ఇచ్చేవాణ్ణి. ఆ డి సంగతీ అదే వరుసలో పక్కనే రాసి ఉంది!

లైన్ కూడా అంతే. ఒక ముక్క తప్పు పడితే ఎస్కేప్ కొట్టి, చెరిపి, మళ్లీ మొదటినుంచి గీసేవాణ్ణి. కమాండ్‌లో ఉండగానే యు కొడితే చివరి ముక్క ఒక్కటే పోతుందని, సి కొడితే గీత వెళ్లి మొదటి బిందువుతో కలిసిపోతుందని చాలా ఆలస్యంగా తెలిసింది. స్పేస్ బార్ ఎంటర్‌లా పనిచేస్తుందని, ఏ కమాండూ నడవనప్పుడు నొక్కితే ఇందాక వాడిందే మళ్లీ వస్తుందని తెలిసిన రోజు నుంచి మాత్రం పని వేగం మారిపోయింది. ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌస్ మీద. బొమ్మల బటన్ల కోసం తెర పైకి వెళ్లడం దాదాపు మానేశాను.

కొత్తవాళ్లని బాగా తికమక పెట్టేది కొలతలు ఇవ్వడం. కర్సర్ పక్కన చిన్న పెట్టెలు కనిపించే డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉంటే, మొదటి బిందువు తర్వాత 3000,0 అని కొట్టగానే గీత అక్కడినుంచి కుడివైపు 3000 పోతుంది. ఎఫ్12 నొక్కి దాన్ని ఆపేస్తే, అదే 3000,0కి అర్థం మారిపోతుంది. ఇప్పుడది మూలబిందువు (0,0) నుంచి లెక్క. ఆ పెట్టెలు అడ్డంగా ఉన్నాయని నేను ఆపేశాను, తర్వాత గీతలు ఎక్కడెక్కడికో పారిపోతుంటే ఫైలు పాడైందనుకుని టెన్షన్ పడ్డాను. ముందు @ పెట్టి @3000,0 అంటే సరిపోయేది. కోణం కావాలంటే @3000<30. రోజువారీ పనిలో నాకు ఇంత కూడా అక్కర్లేదు: ఎఫ్8తో ఆర్థో (గీత అడ్డంగా, నిలువుగా మాత్రమే పోయేలా చేసేది) ఆన్ చేసి, మౌస్‌ని కావలసిన వైపు జరిపి, అంకె కొట్టి ఎంటర్.

నిజం చెప్పాలంటే డ్రాయింగ్‌లో గీసేది కొంచెమే, మిగతాదంతా ఆఫ్‌సెట్ (చెప్పినంత దూరంలో అదే గీతకి సమాంతరంగా ఇంకోటి), ట్రిమ్ (కత్తిరించడం), ఫిలెట్ (మూలలు కలపడం). 200 మిల్లీమీటర్ల గోడ గీయాలంటే బయటి హద్దు పాలీలైన్‌తో (ముక్కలన్నీ కలిసి ఉండే గీత) గీసి, లోపలికి 200 ఆఫ్‌సెట్ చేస్తాను. పాలీలైన్ మొత్తం ఒకే వస్తువు కాబట్టి మూలలు వాటంతటవే సరిగ్గా కలుస్తాయి. ఇదే పని విడివిడి లైన్లతో చేస్తే ఒక్కో గీతనీ జరపాలి, మూలల దగ్గర మిగిలిన తోకలు కత్తిరించాలి. అలా చేసేశారా? ఫిలెట్ తీసుకుని వ్యాసార్థం 0 ఇచ్చి రెండు గీతలూ చూపించండి, మూల శుభ్రంగా కుదురుతుంది. ఫిలెట్ అంటే మూలల్ని గుండ్రం చేయడానికే అనుకుని నేను దాన్ని చాలాకాలం ముట్టుకోలేదు.

ట్రిమ్ 2021 వెర్షన్ నుంచి సులువైంది. అంతకుముందు ఏ గీత దగ్గర కత్తిరించాలో ముందు ఎంచుకుని ఎంటర్ కొట్టాలి. ఇప్పుడు అక్కర్లేని ముక్క మీద క్లిక్ చేస్తే చాలు. పాత పద్ధతికి అలవాటైన నా చెయ్యి కొన్నాళ్లు ఊరికే ఎంటర్ కొడుతూనే ఉండేది.

ఇంకో సంగతి, ఎంపిక పెట్టె. ఎడమ నుంచి కుడికి లాగితే పూర్తిగా లోపల ఉన్నవే ఎంపికవుతాయి. కుడి నుంచి ఎడమకి లాగితే తగిలినవన్నీ వచ్చేస్తాయి. తెలియకుండా రెండోది వాడి, మూవ్‌లో పక్క గది గోడ కూడా లాక్కుపోయాను.

కర్సర్‌ని గీత చివర, మధ్య లాంటి కచ్చితమైన బిందువులకి అతికించే ఆబ్జెక్ట్ స్నాప్ మాత్రం మొదటి రోజే ఆన్ చేసుకోండి, ఎఫ్3. కంటికి కలిసినట్టు కనిపించే గీతలు దగ్గరికి జూమ్ చేస్తే కలిసి ఉండవు. ఆ సందు సంగతి హ్యాచ్ (హద్దు లోపల గీతల నమూనా నింపడం) వేసేటప్పుడు బయటపడుతుంది: హద్దు మూసి లేదంటుంది. అయితే స్నాప్‌లన్నీ ఒకేసారి టిక్ పెట్టొద్దు, కర్సర్ అక్కర్లేని చోటల్లా అతుక్కుంటుంది. నాకు ఎండ్‌పాయింట్, మిడ్‌పాయింట్, సెంటర్, ఇంటర్‌సెక్షన్ చాలు.

ఆర్క్ (వృత్తంలో ఒక ముక్క, చాపం) గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. మెనూలో 11 పద్ధతులున్నాయి. మూడు బిందువుల పద్ధతి తప్ప మిగతావి నాకు ఒంటపట్టలేదు. ఇప్పటికీ సర్కిల్ గీసి ట్రిమ్ చేస్తాను.